దారిబత్తెము చెడిపోకుండుటెట్లు?

పూర్వము దూరప్రయాణము చేయువారు చద్దిమూట కట్టుకొని బండి యెక్కెడివారు. నేడు గుడారమును, చిన్న గ్యాసు పొయ్యిని కారులో వేసికొని, పిల్లలతో అరకులోయకో మారేడుమిల్లికో పోయి రెండు రాత్రులు ఆరుబయట గడపి వచ్చు కుటుంబములు కలవు. బండి మారినది గాని మూటలోని ప్రశ్న మారలేదు. ఇంట వండిన పదార్థము తినువేళకు మంచిగా నుండునా?

ఒక వేసవిలో ఈ ప్రశ్న మా యింటివారికి గట్టిగానే ఎదురైనది. విజయవాడలో తెల్లవారుజామున వండిన అన్నమును వేడివేడిగా క్యారియరులో కుక్కి, మూత బిగించి, అరకునకు బయలుదేరితిమి. దారిలో టిఫిను దొరకుటచే దానిని ముట్టలేదు. సాయంత్రము గుడారము వేసిన పిమ్మట ఆ అన్నమునే పోపు పెట్టి, పొగలు వచ్చునట్లు వేయించి తింటిమి. రెండు గంటలు గడవకముందే మా ఆరేండ్ల పిల్లవానికి వాంతులు పట్టుకొన్నవి. ఆ చీకటిలో వానిని భుజమున వేసికొని వైద్యునికై తిరుగవలసి వచ్చినది. తెల్లవారుసరికి పిల్లవాడు తేరుకొనెను. "అంత వేడి చేసితిమి గదా నాయనా, ఎట్లు చెడినది?" అని మా అత్తగారు అడిగిరి. కళాశాలలో విజ్ఞానము బోధించు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ జవాబే ఈ వ్యాసము.

వేడికి లొంగని విషము

మట్టిలో నుండు బాసిల్లస్ సీరియస్ అను బాక్టీరియా బియ్యముతో పాటు మన వంటింటికి వచ్చును. దీని సిద్ధబీజములు కుతకుతలాడు ఎసరులో సైతము చావక మిగులును. అన్నము గోరువెచ్చనైనప్పుడు అవి మొలకెత్తి పెరుగనారంభించును. ఇరువది నిమిషముల కొకమారు రెట్టింపగు బాక్టీరియా కణము ఒక్కటి చాలును. 7 గంటలలో 21 మారులు రెట్టించి, 20 లక్షలు దాటును. ఈ బాక్టీరియాలో కొన్ని జాతులు పెరుగుచు అన్నములో ఒక విషమును విడుచును. 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గంటన్నర యుంచినను ఆ విషము నశింపదు. కావున మరల వేయించినచో బాక్టీరియా చచ్చును గాని విషము మిగిలియే యుండును. తిన్న అరగంట మొదలు ఆరు గంటలలోగా వాంతులు కలుగును. 1970 దశకపు తొలి సంవత్సరములలో ఇంగ్లండునందు, ముందుగా వండి గదిలో వదలిన అన్నమును వేయించి వడ్డించిన చైనా వంటల హోటళ్లలో ఇట్టి అస్వస్థతలు బయటపడినవి. మా పిల్లవాని లక్షణములును అట్టివే.

బాక్టీరియా చురుకుగా పెరుగునది 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ. వండిన పదార్థము ఈ నడుమ రెండు గంటలకు మించి యుండరాదు. గాలి 32 డిగ్రీలకు మించి వేడెక్కినచో గడువు ఒక గంటయే. క్యారియరులో కుక్కిన అన్నము మెల్లమెల్లగా చల్లారుచు, గంటల తరబడి ఈ ప్రమాదపు హద్దులలోనే నిలిచియుండును. మేము చేసిన తప్పు ఇదియే.

నీరు, పులుపు, చల్లదనము

అందుబాటులో నీరు లేనిదే సూక్ష్మజీవులు పెరుగవు. జంతికలు, చేగోడీలు నూనెలో వేగునపుడు వాటిలోని నీరు ఆవిరియై పోవును. అరిసెలలో కొంత తేమ యున్నను, బెల్లము దానిని పట్టియుంచుటచే సూక్ష్మజీవులకు అందదు. కందిపొడి కూడ తడి తగులనంతకాలము నిలుచును. తడి గరిటె ఒక్కటి దానిని చెరుపగలదు.

రెండవ కాపుదల పులుపు. ఆమ్లత్వమును కొలుచు పి.హెచ్. సంఖ్య సుమారు 4.5 కంటె తగ్గినచో సిద్ధబీజములు మొలకెత్తి పెరుగుట మిక్కిలి కష్టము. చింతపండులోని టార్టారికామ్లము పులిహోరకు ఈ మేలు చేయును. కాని పులుపు ప్రతి మెతుకునకును సమముగా పట్టినదో లేదో కంటికి తెలియదు. కావున పులిహోర పులుసును నూనె తేలువరకు ఉడికించి, పొడి సీసాలో తీసికొనిపోయి, గుడారము వద్ద అప్పుడే వండిన అన్నములో కలుపుట మేలు. ఆరిన అన్నములో కాచిన పాలును చెంచెడు పెరుగును కలిపినచో, పెరుగులోని బాక్టీరియా లాక్టికామ్లమును పుట్టించి మధ్యాహ్నమునకు దానిని పెరుగన్నముగా మార్చును. దీనిని ఆ పూటకే ముగింపవలెను. తడియు కమ్మదనమును గల కొబ్బరిపచ్చడిని వెంట తీసికొనిపోరాదు.

మూడవది చల్లదనము. ఒక కిలో మంచు కరగుటకు 80 కిలో కాలరీల వేడిని పీల్చుకొనును. నాలుగు కిలోల నీటిని 25 డిగ్రీల నుండి 5 డిగ్రీలకు దించుటకు ఇది చాలును. నీటి సీసాలను ముందురాత్రి గడ్డకట్టించి పెట్టెలో పేర్చినచో అవియే మంచుగడ్డలు. కరగిన పిమ్మట త్రాగునీరు. గడ్డకట్టునపుడు నీరు సుమారు 9 శాతము వ్యాకోచించును గనుక సీసాలను నిండుగా పోయరాదు. పిల్లలు మాటిమాటికి తెరచు పానీయముల పెట్టె వేరుగను, పాలు, కూరగాయల పెట్టె వేరుగను ఉండవలెను.

పూటల పట్టిక

ముందుగా చెడునది ముందుగా తినవలెను. మొదటి మధ్యాహ్నము పెరుగన్నము. ఆ రాత్రి అక్కడ వండిన అన్నముతో పులిహోర. మరునాటి ఉదయము, ఇంటి నుండి తెచ్చిన వేయించిన రవ్వతో ఉప్మా. మధ్యాహ్నము వేడి అన్నము, కందిపొడి, నెయ్యి, ఆవకాయ. రాత్రికి, ఇంటనే కొలిచి కలిపి కట్టిన బియ్యము, పెసరపప్పులతో పులగము. తిరుగు దారికి అటుకులు, జంతికలు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అచట నీరు 97 డిగ్రీల వద్దనే మరుగును గనుక పప్పు ఆలస్యముగా ఉడుకును. చిన్న ప్రెషరు కుక్కరు ఈ లోటు తీర్చును. వాన వచ్చినను పొయ్యిని గుడారములో వెలిగింపరాదు. మూసిన చోట కంటికి కనబడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడు చేరి ప్రాణము తీయగలదు.

మరుసటి యేడు మేము మరల అరకునకు పోతిమి. మా అత్తగారు పులుసు సీసాను స్వయముగా గుడ్డలో చుట్టి ఇచ్చిరి. అన్నము మాత్రము అక్కడనే వండితిమి. పిల్లవాడు రెండవమారు వడ్డించుకొని తినెను.