ఒకటి పక్కన పదహారు

పీడీఎఫ్ ఫైలును చిన్న పుస్తకంగా అచ్చు వేసుకోవాలనుకునేవాళ్లు తరచూ అడిగేది ఒకటుంది: పేజీలు ఏ వరసలో పెట్టాలో చెప్పే పట్టిక ఎక్కడ దొరుకుతుంది? ఎనిమిది పేజీలకొకటి, పదహారుకొకటి, ముప్పైరెండుకొకటి రాసిపెట్టుకుని, ప్రింట్ ఆప్షన్లలో ఆ అంకెలన్నీ కామాలతో సహా కొట్టేవాళ్లున్నారు. అంత అవస్థ అక్కర్లేదు. ఆ వరసను ఎవరో కూర్చుని నిర్ణయించలేదు. కాగితాన్ని సగానికి మడవడంలోంచి అది పుట్టింది. మడత అర్థమైతే ఎన్ని పేజీల పుస్తకానికైనా వరస మనమే కట్టగలం. అంత కచ్చితమైన లెక్క కనుకనే ఒక్క లైను కమాండుతో కంప్యూటరు చేత చేయించుకోవచ్చు కూడా.

నాలుగు ఏ4 కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చి సగానికి మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు వస్తాయి. దీన్ని ఉల్లిపాయ అనుకోండి. పై పొర గడ్డను రెండు పక్కలా కప్పినట్టు, బయటి కాగితం పుస్తకాన్ని రెండు చివర్లా కప్పుతుంది. దాని వెలుపలి ముఖాన కుడి సగం 1వ పేజీ, ఎడమ సగం 16వ పేజీ. అదే కాగితం తిరగేస్తే ఎడమన 2, కుడిన 15. రెండో పొరకు ఒకవైపు 14, 3. మరోవైపు 4, 13. మూడో పొరకు ఒకవైపు 12, 5. మరోవైపు 6, 11. లోపలి పొరకు 10, 7. ఆఖరున 8, 9. పుస్తకం నట్టనడుమ తెరుచుకునే చోట ఉన్న ఈ 8, 9 జంట ఒక్కటే చదివే వరసలో పక్కపక్కన ఉంటుంది. ఇప్పుడు ఏ జంటనైనా కూడి చూడండి, 17 వస్తుంది. ముందునుంచి ఒక పేజీ లోపలికి జరిగితే వెనకనుంచీ ఒక పేజీ లోపలికి జరగాలి గనుక మొత్తం మారదు. పేజీల సంఖ్యకు ఒకటి కలిపితే ఆ మొత్తం తెలిసిపోతుంది: 40 పేజీలకు 41. సంఖ్యాశాస్త్రం నమ్మి, కలిసొస్తుందని పేరులో అదనపు అక్షరాలు ఇరికించుకునేవాళ్లు సంఖ్యలో మహిమ వెతుకుతారు గానీ, 17 ఎందుకొచ్చిందో కాగితం మడిచి ఎవరైనా తేల్చుకోవచ్చు. అలా తేల్చుకోగలగడమే సంఖ్యకున్న అసలైన గౌరవం.

తాటాకు గ్రంథాలకు ఇలా వరస మార్చే చిక్కు లేదు. ఆకుకు మడత లేదు. రాసిన వరసలోనే దారానికి గుచ్చేవారు. మడిచిన కాగితంతో పాటే పేజీల అమరిక ఒక పనితనమైంది. సీసం అక్షరాల కాలంలో అచ్చువాళ్లు ఒక పెద్ద షీటుకు సరిపడా పేజీలను, కొన్నిటిని తలకిందులుగా కూడా పేర్చి, ఫారం బిగించేవారు. మన ప్రచురణకర్తలు పుస్తకం ఖర్చును ఈనాటికీ ఫారాల్లో లెక్కేస్తారంటే దాని వెనక ఉన్నదీ మడతే.

ఆ పనే కంప్యూటరులో చేయడానికి యాంగస్ డగ్గన్ పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్ల కోసం పీఎస్‌యుటిల్స్ రాశారు. అందులో పీఎస్‌బుక్ వరస మారుస్తుంది, పీఎస్‌నప్ రెండేసి పేజీలను ఒక కాగితం మీదికి తెస్తుంది. పీడీఎఫ్‌కు డేవిడ్ ఫర్త్ రాసిన పీడీఎఫ్‌జామ్ ఉంది. అది అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ లేటెక్‌లోని పీడీఎఫ్‌పేజెస్ ప్యాకేజీ చేత పని చేయిస్తుంది. టెర్మినల్‌లో పీడీఎఫ్‌జామ్ పేరు కొట్టి, బుక్‌లెట్ ట్రూ అని, ల్యాండ్‌స్కేప్ అని రెండు ఆప్షన్లు ఇచ్చి, ఫైలు పేరు రాస్తే చాలు. అసలు ఫైలు చెక్కుచెదరదు. అమర్చిన కొత్త ఫైలు వేరేగా వస్తుంది. పేజీలు నాలుగుతో భాగించబడకపోతే చివర ఖాళీ పేజీలు చేరతాయి. 54 పేజీలుంటే రెండు చేరి 56 అవుతాయి. దాంతో వెనక అట్ట కావలసిన పేజీ లోపల పడుతుంది కాబట్టి, ఆ ఖాళీలేవో మనమే ముందుగా అట్ట వెనకనో, చివరి అట్టకు ముందో పెట్టుకోవడం మంచిది.

పుస్తకం లావైతే ఉల్లిపాయకున్న ఇబ్బందే దీనికీ వస్తుంది: లోపలి పొరలు బయటికి తోసుకొస్తాయి. 64 పేజీలకు పదహారు కాగితాలు. మామూలు 80 జీఎస్‌ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు కనుక నడుమ కాగితం ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ముందుకొస్తుంది. అంచు కోసి సమం చేస్తే మధ్య పేజీల మార్జిన్ తగ్గిపోతుంది. కొన్ని ఉల్లిగడ్డల్లో పై పొర కింద రెండు మూడు గడ్డలు విడివిడిగా ఉంటాయి చూడండి, పరిష్కారమూ అదే. పీడీఎఫ్‌జామ్‌లో సిగ్నేచర్ ఆప్షన్‌కు 16 అని ఇస్తే పదహారేసి పేజీల విడి కట్టలు తయారవుతాయి. వాటిని వరసగా పెట్టి కుట్టుకోవాలి.

ఎక్కువమంది కాగితాలు పాడుచేసుకునేది ప్రింటరు దగ్గర. రెండువైపులా అచ్చు వేసేటప్పుడు కాగితాన్ని పొడవు అంచు మీద తిప్పాలా, పొట్టి అంచు మీద తిప్పాలా అని అది అడుగుతుంది. అడ్డంగా పెట్టిన ఏ4 మీద మడత గీత పొట్టి అంచుకు సమాంతరంగా ఉంటుంది. పుస్తకంలో ఆకు తిరిగేది మడత చుట్టూనే కాబట్టి పొట్టి అంచే ఎంచుకోవాలి. లేకుంటే రెండోవైపు అంతా తలకిందులవుతుంది.

ఏ4ను మడిస్తే వచ్చే ఏ5కూ అదే నిష్పత్తి ఉంటుంది: పొడవు వెడల్పుకు రెండు యొక్క వర్గమూలం రెట్లు. ఈ గుణాన్ని జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లోనే ఒక ఉత్తరంలో వివరించాడు. 1922లో జర్మనీ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. నాకు చాలా అందంగా కనిపించే లెక్క ఇది, ఎంత కుదించినా పేజీ రూపం చెడదు. కానీ ఏ4 పేజీని ఏ5కు కుదిస్తే అక్షరం దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. 12 పాయింట్లది ఎనిమిదిన్నర అవుతుంది. ఇంగ్లిషుకు అది సరిపోవచ్చు. కింద వత్తు, పైన గుడి మోసే తెలుగు అక్షరానికి చాలదు. అందుకే తెలుగు పుస్తకాన్ని మొదటే ఏ5 పేజీ మీద కంపోజ్ చేయాలి.

ప్రింట్ ఆప్షన్లలో బుక్‌లెట్ బటన్ ఉండగా ఇదంతా దేనికని అడగవచ్చు. ఇంట్లో ఒక్క ప్రతికి ఆ బటన్ చాలు. కానీ ఆ అమరిక ఆ కంప్యూటరులోనే ఉండిపోతుంది. ఫైలు పట్టుకుని జెరాక్స్ షాపుకు వెళితే అక్కడ అంతా మళ్లీ మొదలు. కమాండు ఇచ్చేది పూర్తయిన ఫైలును. కాగితం ఖర్చుకాకముందే తెరమీద 1 పక్కన 16 ఉందో లేదో చూసుకోవచ్చు, ఎవరికైనా పంపవచ్చు. నెలనెలా చిన్న పత్రిక తెచ్చేవాళ్లు అదే లైను మళ్లీ వాడుకోవచ్చు. కమాండులు ప్రోగ్రామర్లకే అన్న భయానికీ ఆధారం లేదు. పట్టికలోని అంకెలు కొట్టడం కన్నా ఇది తక్కువ పని. ఒక్కచోట మాత్రం దీన్ని వాడకూడదు. ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్లు తమ యంత్రం షీటును బట్టి ఫారాలు తామే అమర్చుకుంటారు. అక్కడికి ఇవ్వవలసింది 1, 2, 3 అని వరసగా ఉన్న మామూలు ఫైలు.