విశ్వసనీయ యాత్రికులు - విమానాశ్రయమున శీఘ్ర తనిఖీ

పూర్వము కోటగుమ్మము కడ కావలివాడు నిలిచి, వచ్చువారినెల్ల "ఎవరు? ఎచ్చటి వారు? ఏ పనిమీద వచ్చితిరి?" అని ప్రశ్నించుచుండెడివాడు. కాని ప్రతిదినము పాలకుండతో వచ్చు గొల్లవానిని మాత్రము అడుగక విడిచిపెట్టెడివాడు. అతడు తెలిసినవాడు, క్రొత్తగా తెలిసికొనవలసినదేమియు లేదు. నేడు పెద్ద విమానాశ్రయములందు నడచుచున్న "విశ్వసనీయ యాత్రికుల పథకము"లకు మూలమైన భావమిదియే. కావలివాని జ్ఞాపకమునకు బదులు కంప్యూటరు వచ్చినది.

మన హోసూరు ప్రాంతమునుండి ఎందరో బెంగుళూరు మీదుగ విదేశములకు పోవుచున్నారు. విద్యార్థులారా! రేపు మీరును పోవచ్చును. కావున ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

ఇమ్మిగ్రేషను అననేమి?

విదేశమునకు పోవువానికి విమానాశ్రయమున ఒకటి గాక పలు తనిఖీలు జరుగును. విమాన సంస్థవారు టిక్కెట్టును, సామానును చూతురు. రక్షకభటులు ఆయుధములు మున్నగునవి లేకుండ పరీక్షింతురు. కస్టమ్సువారు సరకులను గూర్చి విచారింతురు. ఇవి గాక, పాస్‌పోర్టు నిజమైనదా, దానిని తెచ్చినవాడు దాని సొంతదారుడేనా, అతడు దేశము దాటుటకు అడ్డంకి యేదైన కలదా అని చూచునది ఇమ్మిగ్రేషను తనిఖీ. మన దేశమున కేంద్ర హోంశాఖకు లోబడిన ఇమ్మిగ్రేషను బ్యూరో ఈ పని చేయుచున్నది.

ఒకే వేళకు నాలుగైదు పెద్ద విమానములు దిగినచో వందలకొలది జనము వరుసలలో నిలువవలసివచ్చును. వారిలో అధికులు ఏ దోషమును ఎరుగనివారు. అయినను అధికారి అందరిని ఒకే తీరున పరీక్షింపవలెను. అట్టివారిని తీరికగా ముందే విచారించి యుంచినచో, ద్వారము కడ కాలము కలిసివచ్చును. అధికారి దృష్టి శ్రద్ధ అవసరమైన వారిపై నిలుచును. కావున ఈ పథకమువలన తనిఖీ మాయమగుట లేదు. అది ప్రయాణదినమునకు ముందునకు జరుగుచున్నది.

కొంత పూర్వచరిత్ర

అమెరికావారు 1993లో అరచేతి ఆకృతిని కొలుచు యంత్రములతో ఇట్టి ప్రయత్నమును మొదలుపెట్టిరి. 2001లో హాలెండు దేశపు స్కిపోల్ విమానాశ్రయమున కనుపాపచుట్టునుండు వలయపు రేఖలనుబట్టి మనుష్యుని గుర్తించు పద్ధతి వచ్చినది. 2008లో అమెరికాలో "గ్లోబల్ ఎంట్రీ" ఆరంభమైనది. దానికి దరఖాస్తు, పూర్వాపర విచారణ, అధికారితో ముఖాముఖి సంభాషణ అవసరము. 2017 నుండి భారత పౌరులును అందు చేరుటకు అర్హులైరి.

మన దేశమున

మన పథకము 2024 జూన్ 22న ఢిల్లీ విమానాశ్రయపు మూడవ టెర్మినలునందు ఆరంభమైనది. 2025 జనవరి 16న ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగుళూరు, హైదరాబాదు, కొచ్చి, అహమ్మదాబాదులకు విస్తరించినది. అదే సంవత్సరము సెప్టెంబరు 11న లక్నో, తిరువనంతపురము, తిరుచిరాపల్లి, కోళిక్కోడు, అమృతసర్ చేరినవి.

భారత పౌరులును, విదేశ పౌరసత్వము పొందియు ఓ.సి.ఐ. కార్డు గలవారును ఇందు చేరవచ్చును. దరఖాస్తు ఇంటర్నెట్టు ద్వారా పంపవలెను. విచారణ ముగిసిన పిమ్మట నిర్ణీత కార్యాలయముననో విమానాశ్రయముననో వ్రేలిముద్రలు, ముఖచిత్రము ఇయ్యవలెను. ఈ నమోదు అయిదేండ్లు గాని, పాస్‌పోర్టు గడువు తీరువరకు గాని, ఏది ముందు వచ్చిన అంతవరకు చెల్లును. దేశీయ ప్రయాణములకై 2022లో వచ్చిన "డిజి యాత్ర" వేరు, ఇది వేరు. రెంటిని ఒకటిగా తలపరాదు.

గేటు ఎట్లు పనిచేయును?

యాత్రికుడు మొదటి గేటు కడ పాస్‌పోర్టును, బోర్డింగు పాసును యంత్రమునకు చూపును. వివరములు సరిపోయినచో గేటు తెరచుకొనును. రెండవ గేటు కడ కెమేరా అతని ముఖమును చూచి, ముందే దాచియుంచిన గుర్తుతో పోల్చును. సరిపోయిన యెడల దారి ఇచ్చును; లేనియెడల మనుష్యుడైన అధికారి కడకే పోవలెను.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. "ఈతడు లోకమందలి జనులలో ఎవడు?" అని యంత్రమును అడుగుట కష్టమైన ప్రశ్న. "ఈ పాస్‌పోర్టు గల వ్యక్తి ఈతడేనా?" అని అడుగుట సులభమైన ప్రశ్న. పాస్‌పోర్టు ముందుగా చూపుటవలన కష్టమైన ప్రశ్న సులభమైనదిగా మారును.

పాస్‌పోర్టులో ఫోటో యున్న పుట అడుగున రెండు పంక్తులు, ఒక్కొక్కటి 44 అక్షరములతో ఉండును. యంత్రము చదువునది వానినే. అందు పుట్టినతేదీ ప్రక్కన ఒక కాపలా అంకె యుండును. 2010 ఆగస్టు 15న పుట్టినవాని తేదీని 100815 అని వ్రాయుదురు. ఈ అంకెలను వరుసగా 7, 3, 1, మరల 7, 3, 1 చేత గుణించి కూడినచో 7 + 0 + 0 + 56 + 3 + 5 = 71. దానిని పదిచే భాగింపగా మిగులు శేషము 1. అదియే కాపలా అంకె. యంత్రము పొరబాటున 8ని 3గా చదివినచో మొత్తము 36, శేషము 6 అగును. వెంటనే దోషము బయటపడును. ఈ లెక్కను మీ పుట్టినతేదీతో చేసిచూడుడు.

పేరు విషయమై ఒక హెచ్చరిక

ఈ యంత్రమునకు మన కష్టసుఖములు తెలియవు, అక్షరములే తెలియును. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు. ఇచ్చట తండ్రిపేరు తొలి అక్షరమును పేరునకు ముందు చేర్చుదురు. ఇంగ్లీషున వ్రాయునపుడు "లక్ష్మి" చివర ఒకరు "ఐ" పెట్టుదురు, మరియొకరు "వై" పెట్టుదురు. పాస్‌పోర్టునకు పొడి అక్షరములు చాలవు. పేరు పూర్తిగా వ్రాయవలెను.

మేము యౌవనమున పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందితిమి. ఇచ్చటి పాఠశాల పత్రమున మా పేరునకు ముందు ఒక్క అక్షరమే యుండెను. అచ్చటి పత్రమున ఇంటిపేరు పూర్తిగా వచ్చి చేరెను, అక్షరక్రమమును మారెను. ఆ ఇద్దరును మేమే యని నిరూపించుటకు అఫిడవిట్టు వ్రాయించి రెండు మాసములు తిరిగితిమి. ఆ దోషము ఒక గుమాస్తా కలమున నిమిషములో పుట్టినది. కావున విద్యార్థులారా! పదవ తరగతి పత్రమునకై మీ పేరు వ్రాసియిచ్చు దినమున తల్లిదండ్రులను ప్రక్కన నిలుపుకొని, ప్రతి అక్షరమును సరిచూచుకొనుడు. మన భాష ఒకటి, రాష్ట్రభాష ఒకటి, పత్రముల భాష మరియొకటి యైన చోట ఈ జాగ్రత్త మరింత అవసరము.

లాభనష్టములు

కాలము మిగులుట లాభమే. కాని తాళపుచెవి పోయినచో తాళము మార్చుకొనవచ్చును. వ్రేలిముద్రను, ముఖమును మార్చుకొనలేము. అందువలన వానిని తీసికొనిన ప్రభుత్వముపై వానిని భద్రముగ కాపాడు భారము మిక్కిలి గలదు. మరియు దరఖాస్తును తానై నింపుకొనజాలని వృద్ధురాలు పాత వరుసలోనే నిలుచును. ఆమె విశ్వసింపదగనిది కాదు. యంత్రము ఆమెను ఇంకను ఎరుగదు, అంతే. శీఘ్రమార్గము వచ్చినదని పాత వరుసలోని అధికారుల సంఖ్యను తగ్గింపకుండుట న్యాయము.

కోట కావలివాడు గొల్లవానిని నమ్ముటకు ఏండ్లు పట్టెను. యంత్రమునకు ముందుచూపుతో సరిగా వ్రాసిన ఒక దరఖాస్తు చాలును. అట్టి దరఖాస్తు నింపలేని మీ అవ్వలకు, తాతలకు ప్రక్కన కూర్చుండి నింపి పెట్టుట చదువుకొనిన మీ వంతు.