నీటిరంగులకు తగిన కాగితము

మా ఇంటి ముందరి గదిలో గోడకు ఒక పటము వ్రేలాడుచున్నది. మా మేనమామగారు యౌవనమున వేసిన నీటిరంగుల చిత్రమది. గోదావరి గట్టు, రావిచెట్టు, దాని నీడలో మా అమ్మమ్మగారి పెంకుటిల్లు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దానికి మిగిలిన గుర్తు ఈ చిత్రమొక్కటియే. కాని ఏటికేడు ఇందలి ఆకాశము మట్టివన్నెకు తిరుగుచున్నది. అంచులు వేలు తగిలినంతనే పెళుసుగా విరుగుచున్నవి. రంగులు మంచివే. వేసిన చేయియు మంచిదే. కాగితము మాత్రము బడిపిల్లల డ్రాయింగు పుస్తకములోనిది.

నీటిరంగులు నేర్వదలచినవారు రంగుపెట్టెను గురించియు, కుంచెలను గురించియు విచారింతురు. కాగితమును గురించి అడుగువారు అరుదు. నిజమునకు ముందుగా అడుగవలసినది దానినే. తైలవర్ణములలో వెలుగు చూపుటకు చిత్రకారుడు తెల్లరంగు వేయును. స్వచ్ఛమైన నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు. వెలుతురు పలుచని రంగుపొర గుండ దూరి, కాగితమును తాకి, మరలి మన కంటిని చేరును. కావున కాగితము చిత్రమునకు ఆధారము మాత్రమే కాదు, చిత్రములోని ఒక రంగు కూడను.

కాగితమున చూడవలసిన గుణములు నాలుగు: నార, జిగురు, బరువు, తలము.

మొదటిది నార. చౌకకాగితము కొయ్యగుజ్జుతో తయారగును. శుద్ధి చేయని కొయ్యలో లిగ్నిన్ అను పదార్థము కలదు. గాలి వెలుతురుల వలన అది కాగితమును పసుపుపచ్చగా మార్చును. క్రమముగా పుట్టు ఆమ్లము నారను తినివేయును. మా పటమునకు పట్టిన గతి ఇదియే. ప్రత్తినారతో చేసిన కాగితమున లిగ్నిన్ దాదాపు ఉండదు. నారలు పొడవు గనుక తడిసినను గట్టిగా నిలుచును. బాగుగా శుద్ధి చేసిన కొయ్యగుజ్జు కాగితమును అభ్యాసమునకు నిస్సంకోచముగా వాడవచ్చును. తరతరములు నిలువవలసిన చిత్రమునకు మాత్రము నూటికి నూరుపాళ్లు ప్రత్తి అని, ఆమ్లరహితమని వ్రాసియున్న కాగితమునే కొనవలెను.

రెండవది జిగురు. నేతవారు నూలుకు గంజి పెట్టునట్లు కాగితమునకు జిగురు పట్టింతురు. దీనినే సైజింగు అందురు. జిగురు లేని కాగితము అద్దుడు కాగితమువలె రంగును లోనికి లాగివేయును, రంగు వెలవెలబోవును. మంచి జిగురు పట్టిన కాగితమున రంగు కొంతసేపు పైననే నిలిచి, కుంచె చెప్పినట్లు వినును. మేలైన కాగితములకు నేటికిని జెలటిన్ పూత పూయుచున్నారు. 18వ శతాబ్ది మధ్యభాగమున ఇంగ్లండులో జేమ్స్ వాట్మన్ అనువాడు, తీగెల గీతలు కానరాని సమతలమైన కాగితమును తయారు చేసెను. ఆ పేరు గల కాగితమును టర్నర్ మహాశయుడు విరివిగా వాడెను. తడిరంగును తుడిచియు, గోటితో గీకియు ఆతడు వెలుగులు రప్పించెడివాడు. కాగితమునకు బలము, జిగురునకు పట్టు లేనిచో అది సాగెడిది కాదు.

మూడవది బరువు. చదరపు మీటరు కాగితము ఎన్ని గ్రాములు తూగునో దానిని బట్టి లెక్కింతురు. పూర్వపు లెక్క వేరు: 22 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల పొడవు గల 500 తావులు ఎన్ని పౌనులు తూగునో అది బరువు. 90 పౌనులు సుమారు 190 గ్రాములు. 140 పౌనులు 300 గ్రాములు. 300 పౌనులు 640 గ్రాములు. పలుచని కాగితము తడిసినంతనే ఉబ్బి అలలవలె లేచును; రంగు పల్లములలో గుమిగూడి మరకలు కట్టును. 190 గ్రాముల కాగితమును ముందుగా నీట నానబెట్టి, చదునైన కొయ్యపలకపై పరచి, నాలుగంచులకు జిగురుపట్టీలు అంటించి ఆరనీయవలెను. ఆరునప్పుడు అది ముడుచుకొని మద్దెల చర్మమువలె బిగియును. 300 గ్రాముల కాగితముపై చిన్న చిత్రములకు ఈ శ్రమ అంతగా అక్కరలేదు. 640 గ్రాములదానికి దాదాపు అక్కరయే లేదు. వెల మాత్రము హెచ్చు.

నాలుగవది తలము. ఇందే చిత్రరీతిని బట్టి ఎన్నిక చేయవలసియున్నది. వేడి లోహపు దిమ్మెల నడుమ నొక్కబడి నునుపెక్కిన కాగితము హాట్ ప్రెస్డ్. వేడి లేకయే నొక్కబడి, కొద్ది గరుకు మిగిలినది కోల్డ్ ప్రెస్డ్. తయారగునప్పటి గరుకును పోగొట్టక విడిచినది రఫ్.

పూవుల రేకులను, ఆకుల ఈనెలను, ముఖమందలి కనుబొమలను సన్నని కుంచెతో తీర్చువారికి నునుపు కాగితము తగినది. గీత తెగిపోక సాగును. కాని పెద్ద ఆకాశమును ఒక్క పూతలో దానిపై వేయబూనినచో నీరు జారి మడుగులు కట్టును. ఇది ప్రారంభకులను నిరాశ పరచు కాగితము.

పల్లెదృశ్యములు, గుడులు, బజారులు వేయువారికి మధ్యరకమైన కోల్డ్ ప్రెస్డ్ అనుకూలము. ఇది పూతను సమముగా పట్టును. ఒకపాటి సన్నగీతలను కూడ సహించును. ఒక్క రకము మాత్రమే కొనగలవారు దీనినే, 300 గ్రాములలో కొనుట మంచిదని మా సలహా.

విశాలమైన పూతలతో ధైర్యముగా వేయువారికి గరుకు కాగితము. తడి తక్కువైన కుంచెను దానిపై వాలుగా లాగినచో రంగు గరుకు కొనలకే అంటును. పల్లములలో తెలుపు మిగులును. మధ్యాహ్నపు వేళ గోదావరి నీటిపై మిలమిలలాడు తళుకును ఇట్లు ఒక్క విసురులో చూపవచ్చును. అల్ట్రామెరీను నీలము వంటి రంగుల రేణువులు పల్లములలో దిగి చక్కని పొడను కల్పించును.

తడికాగితముపై తడిరంగు వేసి మబ్బులను, మంచును చూపు పద్ధతికి తలముకంటె నారయు బరువును ముఖ్యములు. బరువైన ప్రత్తికాగితము తడిని చాలసేపు నిలుపుకొనును. చిత్రకారునకు వ్యవధి దొరకును. కొయ్యగుజ్జు కాగితము తరచు త్వరగా ఆరిపోయి, తలచని అంచులను ఏర్పరచును.

మన దేశపు రీతులలో రెండింటిని ఇచట పేర్కొనవలెను. సూక్ష్మచిత్రములు వేసినవారు పలుచని కాగితములను పొరలుగా అంటించి, రాతితో మెరుగుపెట్టి వసలీ అను గట్టి ఫలకమును సిద్ధపరచుకొనిరి. వెంట్రుకవాసి గీతకు అంతటి నునుపు కావలసియుండెను. ఇక 1903లో జపాను చిత్రకారుడు యొకొయామా తైకాన్ కలకత్తాకు వచ్చిన పిదప అవనీంద్రనాథ ఠాకూరు పెంపొందించిన వాష్ పద్ధతి కలదు. రంగు ఆరిన చిత్రమును నీట ముంచి, తీసి, మరల రంగు వేసి, మరల ముంచెదరు. ప్రమోదకుమార చటర్జీగారు బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ఈ సంప్రదాయమును బోధించిరి. అడివి బాపిరాజుగారు వారి శిష్యులు. పలుమార్లు మునిగియు చివుకని కాగితము లేనిచో ఈ పద్ధతియే లేదు.

కొనుటకు ముందు పరీక్షించు విధమును మనవి చేయుదుము. ఒక తావు మాత్రమే తెచ్చి ముక్క కోయుడు. దానిపై నీటిబొట్టు వేయుడు. వెంటనే ఇంకిపోయినచో జిగురు చాలదు. ముత్యమువలె దొర్లినచో జిగురు హెచ్చు. కొంతసేపు నిలిచి మెల్లగా ఇంకినచో మేలు. తరువాత నీలపు పూత వేసి ఆరనిచ్చి, తడికుంచెతో రుద్ది తుడువుడు. తలము నూగుగా లేచినచో ఆ కాగితము దిద్దుబాటును సహింపదు. పూతలో ముదురుచుక్కలు కనబడినచో జిగురు చెడినదని అర్థము. కోస్తా జిల్లాల ఉక్కలో ఇది తరచు జరుగును. కాగితమును తేమ తగులని చోట, మూసిన సంచిలో, బల్లపరుపుగా దాచవలెను.

వెలకు వెరవ పనిలేదు. 22, 30 అంగుళముల తావును ఎనిమిది ముక్కలు చేయవచ్చును. రెండు ప్రక్కలను వాడవచ్చును. పిల్లవాడు పలుచని కాగితముపై రంగు వేసి, అది మరకలు కట్టగా, తనకు చేతకాదని కుంచె పారవేయుట మేము చూచితిమి. ఆ తప్పు వానిది కాదు. వానికి ఒక్క మంచి తావు ఇచ్చి చూడుడు.

ఇక మా పటము సంగతి. కాగితమునకు తిరిగి తెలుపు తెచ్చు ఉపాయము ఇంటిలో లేదు. ఇంటి మందులు ఉన్నదానిని కూడ చెరచును. చట్టము విప్పి చూడగా వెనుక గడ్డిఅట్ట కానవచ్చినది. ఆ అట్ట ఆమ్లము కూడ చిత్రమునకు ఎక్కుచుండెను. దానిని తీసివేసి ఆమ్లరహితమైన అట్ట పెట్టించితిమి. అద్దము చిత్రమునకు అంటకుండ నడుమ కిటికీవలె కోసిన అట్టను ఉంచితిమి. ఎండ పడు గోడనుండి నీడగోడకు మార్చితిమి. పోయిన నీలము రాలేదు. ఉన్న ఇల్లు మరికొన్నాళ్లు నిలుచును. శ్రోతల ఇండ్లలోను ఇట్టి పటములు ఉండును. నేడే ఒకమారు వాని వెనుకభాగమును చూడుడు.