బాగ్‌బేరా బోరు నీళ్లు: నురగ రాకపోవడం వెనుక కథ, ఇంటికి పడే భారం

జంషెడ్‌పూర్‌లో నీళ్లు రెండు రకాలు. ఉక్కు కర్మాగారం లీజు భూముల్లోని కాలనీలకు సువర్ణరేఖ నది నీరు శుద్ధి అయి కుళాయిల ద్వారా చేరుతుంది. టాటానగర్ రైల్వే స్టేషన్‌కు సమీపంలోనే ఉన్నా, బాగ్‌బేరా ఆ హద్దుకు బయట ఉంది. పంచాయతీల పరిధిలోని ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలు చేతిపంపు, బోరు, ట్యాంకరు నీళ్లతోనే రోజులు గడుపుతున్నాయి. నది నీటిని శుద్ధి చేసి ఇంటింటికీ అందించేందుకు 2015లో మొదలైన బాగ్‌బేరా గ్రామీణ నీటి సరఫరా పథకం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి ఈ ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ తేడా కొత్తది కాదు. ఒకే ఊళ్లో ఒక బంధువు ఇంట్లో సబ్బు నురగ కడిగినా పోదు, మరో బంధువు ఇంట్లో ఎంత రుద్దినా రాదు.

నేలలోకి ఇంకే వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. రాతి పగుళ్ల మధ్య చాలాకాలం నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. ఈ రెండింటి మోతాదు ఎక్కువైన నీటినే కఠిన జలం అంటారు. వానలతో నిండే నదుల నీటికి రాతితో అంత సావాసం ఉండదు గనుక అది సాధారణంగా మృదువుగా ఉంటుంది. వీధి వీధికీ, కొన్నిచోట్ల బోరు బోరుకూ కాఠిన్యం మారిపోవడానికి కారణం అడుగున ఉన్న రాయి, బోరు లోతు.

నురగ రాకపోవడం సబ్బు లోపం కాదు. సబ్బు ముందుగా కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా అలా పట్టుబడిన తరువాతే మిగిలిన సబ్బు నురగనిస్తుంది. బకెట్ అంచున పేరుకునే బూడిదరంగు జిడ్డు, ఉతికిన తెల్ల చొక్కా మసకబారడం, తలస్నానం తరువాత జుట్టు బిరుసెక్కడం ఆ తెట్టు చలవే. కుంకుడుకాయ రసం సబ్బులా కాల్షియంతో కలిసి తెట్టు కట్టదు, అందుకే ఉప్పునీటి ఊళ్లలో అది ఇప్పటికీ చెలామణిలో ఉంది. డిటర్జెంట్ పొడులు కూడా కఠిన జలంలో సబ్బు బిళ్ల కంటే మెరుగ్గా పనిచేస్తాయి.

వంటింట్లో మరో తంటా. నీటిలోని కాల్షియం పప్పు గింజల్లోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. కందిపప్పుకు ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడకపోతే నేరం పప్పుది కాకపోవచ్చు. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది గాని, పప్పులోని బి1 విటమిన్ కొంత నశిస్తుంది. గ్యాసు ఖర్చు మాత్రం నెల నెలా పెరుగుతూనే ఉంటుంది. గీజరు, ఇస్త్రీపెట్టె వంటి వాటిలో తెల్లగా పేరుకునే సున్నపు పొర వేడిని నీటికి చేరనివ్వదు. అందువల్ల కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, గీజరు కాయిల్ త్వరగా కాలిపోతుంది.

ఆరోగ్యానికి ముప్పా?

భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతి ఉంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన గరిష్ఠ పరిమితి ఏదీ విధించలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసిన ఖనిజాలే. పిల్లల తామర తగ్గుతుందేమోనని బ్రిటన్‌లో నీటిని మృదువుగా మార్చే యంత్రాలు అమర్చి చూశారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనం ఫలితాల్లో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. సున్నపు పొర కంటికి కనిపిస్తుంది, కనుక జనం దానికే భయపడతారు. మలినాలతో చేరే క్రిములు, ఫ్లోరైడ్, నైట్రేట్ కంటికి కనిపించవు. నల్లగొండ జిల్లాలో తరాల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ నీరు చూపుకు తేటగానే ఉండేది. సున్నపు మరకలు కనిపించే నీరు సురక్షితం కావచ్చు, స్వచ్ఛంగా మెరిసే నీరు విషం కావచ్చు.

ఈ గందరగోళం మీదే యంత్రాల వ్యాపారం నడుస్తోంది. కొందరు అమ్మకందార్లు గ్లాసు నీళ్లలో కరెంటు తీగలు ముంచి, అది గోధుమరంగులోకి మారగానే మురికి బయటపడిందంటారు. నిజానికి ఆ రంగు తీగల్లోని ఇనుము కరిగి పుట్టిన తుప్పుది. ఆర్‌ఓ నీటిలో లవణాలు తక్కువ కనుక కరెంటు సరిగా పారదు, రంగు రాదు. వారి చేతిలోని టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే అంచనా వేస్తుంది. అందులో కాఠిన్యమెంతో, క్రిములున్నాయో లేదో అది చెప్పలేదు. ఆర్‌ఓ నిజంగానే కాఠిన్యాన్ని తగ్గిస్తుంది, కానీ అందుకు గణనీయంగా నీటిని పారబోస్తుంది. కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్నచోట ఆర్‌ఓ యంత్రాలను నిషేధించాలని 2019 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. ట్యాంకరు కోసం వరుసలో బిందెలు పెట్టే వాడలో ఆ పారబోసిన నీటినైనా నేల తుడవడానికి, మరుగుదొడ్డికి దాచుకోక తప్పదు.

ఇంట్లో చేయగలిగినవి

శుభ్రమైన సీసాలో సగం వరకు నీరు పోసి, తురిమిన సబ్బు బిళ్ల ముక్కలు నాలుగు వేసి గట్టిగా కుదపాలి. డిటర్జెంటు, షాంపూ దీనికి పనికిరావు. నురగ నిలవకుండా పాలలా తెల్లబారితే ఆ నీరు కఠినమే. అదే నీటిని పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, తేటను వంచి మళ్లీ కుదపాలి. ఈసారి నురగ వస్తే అది తాత్కాలిక కాఠిన్యం. మరిగిస్తే బైకార్బొనేట్లు సున్నంగా గిన్నె అడుగున దిగిపోతాయి. అప్పటికీ రాకపోతే సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల ఏర్పడిన శాశ్వత కాఠిన్యం. దానికి మరిగించడం ఫలించదు. బట్టలకైతే నానబెట్టే నీటిలో కొద్దిగా చాకలి సోడా కలిపితే చాలు. అది తాగే నీటికి, వంటకు కాదు. పటిక మట్టిని దించుతుంది, క్లోరిన్ క్రిములను చంపుతుంది. ఈ రెండింటితో కాఠిన్యం తగ్గదు.

గిన్నెకు, కుళాయికి పట్టిన సున్నాన్ని నిమ్మరసంతో గాని, నానబెట్టిన చింతపండుతో గాని కాసేపు తడిపి ఉంచి తోమితే ఊడివస్తుంది.

తాగే నీటి సంగతి మాత్రం సీసా పరీక్షతో తేలదు. జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో గ్రామంలో ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్లు వాడడంలో శిక్షణ ఇవ్వాలన్నది నిబంధన. ఆ కిట్లలో కాఠిన్యంతోపాటు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము కూడా చూస్తారు. వాటి గురించి పంచాయతీలో గాని, రాష్ట్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ జిల్లా కార్యాలయంలో గాని అడగవచ్చు. నివేదిక చేతికొచ్చినప్పుడు ముందుగా చూడవలసినది క్రిముల ఫలితం, తరువాత ఫ్లోరైడ్, నైట్రేట్. కాఠిన్యం గడిని ఆ తరువాత చూసినా నష్టం లేదు.