అమ్మ ముఖం చూపే కోనేరు

పెన్న ఎండిన వేళ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటితో కన్నతల్లికి తర్పణం విడిచిన కుటుంబాలు అనంతపురం సీమలో ఎన్నో ఉన్నాయి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ మెట్టనేలకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని చెంత ఊరే జలాన్ని కన్నులకద్దుకునేది అందుకే.

ఆ చెలమకు కాస్త ఎడంగా నిలబడి చూస్తూ ఉండిపోయిన ఆడపడుచు మీ ఇంటనూ ఉండవచ్చు. దర్భ పట్టేది అన్నో, తమ్ముడో. వారు లేకుంటే దాయాది. పెండ్లి అయిన కుమార్తెకు మూడు రోజుల మైల. కర్మలు ముగియగానే అత్తవారింటికి ప్రయాణం. పదిమందిలో ఏడ్చేందుకు ఆమెకు దొరికిన గడువు అంతే.

అటువంటి కుమార్తె ఒంటరిగానైనా వెళ్లదగిన క్షేత్రం సరిహద్దుకు అవతల, నేపాల్‌లో ఉన్నది. పేరు మాతాతీర్థం. కఠ్మాండు నగరానికి నైరుతి దిక్కున, చంద్రగిరి పురపాలక పరిధిలో ఉన్న ఈ చోట రెండు కోనేళ్లున్నాయి. పెద్దది స్నానానికి. చిన్నది తల్లి ముఖం చూడటానికి. తల్లిని పోగొట్టుకొని కుమిలిపోయిన ఒక పశువుల కాపరి అమావాస్యనాడు ఆ నీటిలో అన్నం సమర్పించగా, తల్లి ముఖం తోచి, ఆమె ఆ అన్నాన్ని అందుకున్నదని స్థలకథ. నేటికీ ఆనాడు తల్లి లేని కొడుకులూ, కూతుళ్లూ అక్కడ స్నానమాడి, దానాలిచ్చి వస్తారు. తల్లి ఉన్నవారు ఇంటనే ఆమెకు మధుర పదార్థాలు పెట్టి మొక్కుతారు.

తిథి విషయంలో పొరబడకండి. నేపాలీయులు దానిని వైశాఖ అమావాస్య అంటారు. వారికి మాసం పౌర్ణమితో ముగుస్తుంది కనుక, మన పంచాంగంలో అది చైత్ర బహుళ అమావాస్య. అక్షయ తృతీయకు కొద్ది రోజుల ముందు వస్తుంది.

ఏడాది లోపల క్షేత్రయాత్ర కూడదని, కొండ ఎక్కరాదని పెద్దలు అంటారు గదా అని మీకు సందేహం కలుగవచ్చు. ఇది ఉత్సవం కాదు, గతించిన తల్లి కోసం చేసే యాత్ర. కనుక అడ్డులేదని ఈ వ్యాసకర్త తలంపు. అయినా ఇంటి పురోహితుని అడగండి. ఆయన కాదంటే సంవత్సరీకం జరిగిన పిదప వచ్చే అమావాస్యకే బయలుదేరండి. పిండప్రదానానికి కర్త ఎవరనే తర్కం ఉన్నది గాని, స్నానానికీ దానానికీ ఆ పట్టింపు లేదు. దేశం దాటలేనివారికి గుజరాత్‌లో సిద్ధపురం ఉన్నది. కపిలుడు తన తల్లి దేవహూతికి తత్త్వముపదేశించిన బిందుసరోవరం అక్కడిదే. దానిని మాతృగయ అంటారు.

నేపాల్‌కు మనకు వీసా అక్కరలేదు. విమానంలో వెళితే పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. రైలులో గోరఖ్‌పూర్ చేరి, సునౌలీ వద్ద సరిహద్దు దాటవచ్చు. ఒంటరి ప్రయాణమని ఇంటివారు బెంగపడితే ఒక మాట చెప్పండి: ఆ అమావాస్యనాడు ఆ కోనేటి గట్టున స్నానానికి దిగేవారంతా తల్లి లేనివారే.

చిన్న కోనేటి వద్ద తొందరపడకండి. ఆ నీటిలో కనబడేది మీ ముఖమే. నలభై దాటిన ఆడవారు అద్దంలో అమ్మ పోలికను ఇదివరకే చూసి ఉంటారు. వెంట అమ్మకు ఇష్టమైన ఓళిగలో, నువ్వులుండలో తీసుకువెళ్లండి. వంట మీ చేతిదే అయితే మరీ మంచిది.