జీతం చీటీలో 78 రూపాయలు

ఎండాకాలం వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ మామిడి పనే. కాయ కోసేవాళ్లు కోస్తారు. గంపలు మోసేవాళ్లు మోస్తారు. బంగినపల్లి, రసాలు బజారుకు పోతాయి. కలెక్టరు కాయ గుజ్జు తీసే ఫ్యాక్టరీకి పోతుంది. కాయ కడగడం, ముక్కలు కోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని.

అలాంటి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె ఉందనుకుందాం. ఇన్నేళ్లూ వేలిముద్ర వేసి డబ్బు తెచ్చుకునేది. ఈ ఏడు చదువు నేర్చుకుంది. జూన్ నెల జీతం చీటీని తనే చదివింది. "ఇ.ఎస్.ఐ. 78 రూపాయలు" అని ఉంది. అంత డబ్బు కోసేశారు! ఆమెకు కోపం వచ్చింది.

"ఏంటి వదినా ఇది? నా కష్టంలో 78 రూపాయలు ఎవరు తిన్నారు?"

వదిన అదే ఫ్యాక్టరీలో పాత మనిషి. "ఎవరూ తినలేదే. నీ వైద్యానికి కట్టారు. దానికో లెక్కుంది. నువ్వే వేసి చూడు" అంది.

ఇ.ఎస్.ఐ. అంటే కార్మికుల ఆరోగ్య బీమా. 1948లో చట్టం వచ్చింది. 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరాల్లో మొదలైంది. ఇది మన దేశంలోనే పుట్టిన పద్ధతి కాదు. జీతంలో కొంత తీసి జబ్బు ఖర్చుకు జమ చేయాలని జర్మనీ దేశంలో 1883లోనే చట్టం చేశారు.

వడ్డీ లెక్క ఎలా కడతాం? నూటికి ఇంత అని కడతాం కదా. ఇదీ అంతే. 2019 జూలై నుంచి కార్మికురాలి వాటా నూటికి 75 పైసలు. అంటే ముప్పావు రూపాయి. యజమాని వాటా నూటికి 3 రూపాయల 25 పైసలు. అంటే మూడుంపావు.

ఆమె రోజు కూలి 400 రూపాయలు. అందులో నాలుగు వందలు ఉన్నాయి. నాలుగు ముప్పావులు 3 రూపాయలు. నాలుగు మూడుంపావులు 13 రూపాయలు. జూన్‌లో ఆమె 26 రోజులు పనిచేసింది. ఆమె వాటా 78 రూపాయలు. యజమాని వాటా 338 రూపాయలు. రెండూ కలిపి 416 రూపాయలు జమ కావాలి. లెక్కలో పైసలు వస్తే పై రూపాయికి కడతారు.

రోజుకు 600 రూపాయలు వచ్చే మనిషికి 26 రోజులకు 117 రూపాయలు కోస్తారు. రోజు కూలి సగటున 176 రూపాయలు దాటని మనిషి దగ్గర ఏమీ కోయకూడదు. యజమాని మాత్రం తన వాటా కట్టాల్సిందే. ఎంత కట్టినా వైద్యం అందరికీ ఒకటే. ఎక్కువ వచ్చేవాళ్లు ఎక్కువ, తక్కువ వచ్చేవాళ్లు తక్కువ కడతారు. ఇది న్యాయమైన లెక్క. భర్తకు, పిల్లలకు కూడా వైద్యం ఉంది. విజయవాడ గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది.

యజమాని తన వాటాను కూలీల జీతంలో కోయకూడదు. రోజుకు 3 రూపాయలకు బదులు 16 రూపాయలు కోస్తే అది తప్పు. కంట్రాక్టరు కింద పనిచేసినా, డబ్బు కట్టించే బాధ్యత ఫ్యాక్టరీ యజమానిదే. మరుసటి నెల 15వ తేదీ లోపల కట్టాలి.

"వైద్యం సరే వదినా. జ్వరంతో పడుకుంటే కూలి ఎవరిస్తారు?"

దానికీ లెక్కుంది. డాక్టరు సెలవు రాసిస్తే కూలిలో నూటికి 70 రూపాయల చొప్పున ఇస్తారు. 400 రూపాయల కూలికి రోజుకు 280 రూపాయలు. ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ ఒక షరతు ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక లెక్క. ఆ ఆరు నెలల్లో 78 రోజుల కూలికి డబ్బు జమ కావాలి. అప్పుడే వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ఈ సాయం వస్తుంది. కొత్తగా చేరినవాళ్ల లెక్క వేరు. (చీటీలోని 78 రూపాయలు వేరు, ఈ 78 రోజులు వేరు. అంకె ఒకటే అని కలిపేసుకోవద్దు.)

నెలకు 26 రోజుల చొప్పున మూడు నెలలు పనిచేస్తే సరిగ్గా 78 రోజులు. మామిడి పని ఉండేదీ ఇంచుమించు అంతే. ఒక్క రోజు తగ్గినా చిక్కే.

తోటల్లో కాయ కోసే కూలీలకు ఇ.ఎస్.ఐ. లేదు. వాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ మీద ఆధారపడాలి. పాత పేరు ఆరోగ్యశ్రీ. దానికి కూలీలు ప్రీమియం కట్టనక్కరలేదు. కానీ మంచాన పడిన రోజుల కూలి అందులో రాదు.

జూలై చీటీ వచ్చింది. ఇ.ఎస్.ఐ. 75 రూపాయలు అని ఉంది. ఆమె 75ను 3తో భాగించింది. 25 రోజులు! మే నెలలో 26, జూన్‌లో 26, జూలైలో 25. మొత్తం 77.

ఆమె తన నోటుపుస్తకం తీసింది. పనికి వెళ్లిన ప్రతి రోజూ అందులో గీత గీసుకుంది. జూలై గీతలు లెక్కపెట్టింది. 26 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. 26.

"పద వదినా, ఆఫీసుకు పోదాం" అంది. చీటీ, పుస్తకం రెండూ చేత్తో పట్టుకుంది.