వాచ్ లెక్క కరెక్టే, రో మాత్రం తప్పు: వీపు ఎక్సర్‌సైజ్‌కి ఫోన్ కెమెరా ఎలా పనికొచ్చిందంటే..

జిమ్‌లో చేరిన మొదటి వారం నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. వీపు కోసం బార్‌బెల్ రో మొదలుపెట్టే ముందు స్మార్ట్‌వాచ్‌లో ‘రోయింగ్’ మోడ్ ఆన్ చేశా. సెట్ అయ్యాక చూస్తే నిమిషానికి ఇన్ని స్ట్రోక్స్ అని లెక్క చూపిస్తోంది! అది పడవలో తెడ్డు వేసినట్టు చేసే రోయింగ్ మెషిన్ కోసం పెట్టిన మోడ్. డంబెల్, బార్‌బెల్, కేబుల్‌తో చేసే రోలకి ‘స్ట్రెంత్ ట్రైనింగ్’ మోడ్ పెట్టుకోవాలి.

మోడ్ మార్చాక కౌంట్ బాగానే వచ్చింది. 12 చేస్తే 12 చూపించింది. ఆ నంబర్ చూసుకుని రెండు నెలలు బరువు పెంచుకుంటూ పోయా. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడిని, వీపు గట్టిపడితే చాలనుకున్నా. జరిగింది వేరు. సాయంత్రం కుర్చీలోంచి లేవాలంటే నడుము పట్టేసేది. వర్కవుట్ మర్నాడు బైసెప్స్ నొప్పి పుట్టేవి కానీ వీపులో ఏమీ తెలిసేది కాదు.

ఇందులో వాచ్ తప్పేం లేదు. మణికట్టు మీద ఉన్న యాక్సిలరోమీటర్‌కి, జైరోస్కోప్‌కి తెలిసేది చెయ్యి కదలిక ఒక్కటే. ఆ చేతిని వీపు లాగిందా, బైసెప్స్ లాగిందా, లేక నడుము ఊపి బరువుని ఎగరేశామా అన్నది వాటికి అందదు.

అందుకే ఫోన్‌ని ట్రైపాడ్ మీద నడుము ఎత్తులో, పక్క నుంచి, రెండు మీటర్ల దూరంలో పెట్టి వీడియో తీశా. మొదట ఉత్సాహంగా 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ పెట్టా. వీడియో అంతా లైట్లు మినుకుమినుకుమంటూ వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్ల వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, స్లో మోషన్‌లో అది బయటపడుతుంది. అసలు అంత అవసరమే లేదు. ఒక రెప్‌కి మూడు సెకన్లనుకున్నా 30 ఎఫ్‌పీఎస్‌లో 90 ఫ్రేములు వస్తాయి. తప్పు పట్టుకోవడానికి అవి ధారాళంగా సరిపోతాయి.

వీడియో చూశాక సిగ్గేసింది. బార్ పైకొచ్చిన ప్రతిసారీ నా ఛాతీ కూడా దాంతోపాటే లేస్తోంది. ఆరో రెప్ నుంచి నడుము గుండ్రంగా వంగిపోతోంది, భుజాలు చెవుల దాకా వెళ్తున్నాయి. అంటే నేను చేసింది రో కాదు, బరువుతో వంగి లేవడం!

ఇక ఏ రో చేయాలన్న ప్రశ్న. 2009లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం మూడు రకాల రోలను పోల్చింది. వాటిలో నడుము వెన్నెముక మీద ఎక్కువ భారం పడింది నిలబడి ముందుకు వంగి చేసే బార్‌బెల్ రోలో. తక్కువ భారం ఇన్వర్టెడ్ రోలో, అంటే బార్ కింద వెల్లకిలా ఉండి మన ఒంటినే పైకి లాక్కోవడంలో. నేనేమో కొత్తలోనే కష్టమైనదాన్ని ఎంచుకున్నా.

ఇప్పుడు ఇంక్లైన్ బెంచ్ మీద ఛాతీ ఆనించి డంబెల్స్‌తో చేస్తున్నా. ఒళ్లు ఊపుదామన్నా కుదరదు. 40 కేజీల బార్ నుంచి చేతికి 10 కేజీలకి దిగా. ఈగో కాస్త దెబ్బతింది, పర్లేదు. కింద చెయ్యి పూర్తిగా చాచి, భుజం ఎముక ముందుకు జారనివ్వాలి. లాగేటప్పుడు అరచేతిని మర్చిపోయి మోచేతిని వెనక్కి తీసుకెళ్తున్నామనుకోవాలి. మోచెయ్యి పక్కటెముకల దగ్గరగా, నడుము వైపు వెళ్తే ల్యాట్స్ ఎక్కువ పనిచేస్తాయి. పక్కకి తెరిచి ఛాతీ వైపు లాగితే పైవీపుకి పని పడుతుంది. దించడానికి రెండు మూడు సెకన్లు తీసుకోండి.

జిమ్ లేకుండా పీజీలో ఉండేవాళ్లు గట్టి ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో ఐదు రెండు లీటర్ల నీళ్ల సీసాలు పెడితే దాదాపు 10 కేజీలు. ఒక చెయ్యి మంచానికి ఆనించి, రెండో చేత్తో లాగండి. (ల్యాప్‌టాప్ తీసేయడం మర్చిపోకండి!) ట్రావెల్ కోసం కొన్న లగేజ్ స్కేల్ ఉంటే బ్యాగ్ బరువే కాదు, రెసిస్టెన్స్ బ్యాండ్‌ని సాగదీసినప్పుడు ఎన్ని కేజీల లాగుడు ఉందో కూడా చూస్కోవచ్చు. బ్యాండ్ సాగేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే దూరంలో నిలబడాలి.

నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా మాత్రం వీడియోలు ఆపి డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

వీడియో నేను చివరి సెట్‌కే తీస్తా, ఫామ్ చెడేది అక్కడే. ఫ్రేమ్‌లో వేరేవాళ్లు పడకుండా గోడ వైపు తిరిగి చేస్తా, చూశాక డిలీట్ చేసేస్తా. వాచ్‌ని కూడా తీసేయలేదు, సెట్‌కీ సెట్‌కీ మధ్య 90 సెకన్ల రెస్ట్ టైమర్‌కి దాన్ని మించింది లేదు.